ఫోనుకి చెప్పినా చెప్పినట్టేనా

మా మావయ్య టైలరు. వీధిలో అందరూ ఆయన్ని మూగ మాస్టారు అంటారు. మూగవాడేమీ కాదు, కొలతలు తీసేటప్పుడు మాత్రం పెదవి విప్పడు. మామూలుగా టైలర్లు ఎలా కొలుస్తారో మీకు తెలుసు. నడుం చుట్టూ టేపు తిప్పి "ముప్పై ఎనిమిది" అని కేకేస్తారు. లోపల ఉన్నవాళ్లు రాసుకుంటారు. బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ తలెత్తి ఆ ముప్పై ఎనిమిది ఎవరిదా అని ఒకసారి చూస్తారు. మావయ్య కొట్లో ఇది జరగదు. టేపు మీద బొటనవేలు గోరు ఆనించి పట్టుకుని, అలాగే తీసుకెళ్లి ఒక పొడుగాటి కాగితం పట్టీ మీద పరిచి, గోరు ఉన్నచోట కత్తెరతో చిన్న గాటు పెడతాడు. అంకె రాయడు, పేరూ రాయడు. మిషను వెనక గోడకి కొక్కేలున్నాయి, మనిషికో పట్టీ వాటికి వేలాడుతూ ఉంటుంది. కావలసినప్పుడు చేత్తో తడిమి ఎవరిదో పట్టేస్తాడు. ఎందుకిలా అని చిన్నప్పుడు అడిగితే, "ఒకరి నడుం సంగతి ఇంకొకరికెందుకు అమ్మడూ" అన్నాడు. అంతకుమించి వివరణ ఎప్పుడూ ఇవ్వలేదు.

మాటలన్నీ అత్తయ్యవే. ఆమె పక్కన చిన్న బల్ల వేసుకుని బొత్తాలు కుడుతుంది, అంచులు మడిచి చేత్తో కుడుతుంది, ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేస్తుంది. నేను కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్నాను కాబట్టి ఇంట్లో ఎవరి ఫోను మొరాయించినా తప్పు నాదే. ఈ కథలో నా పాత్ర దాదాపు అంతే.

కొట్టు పైన డాన్సు హాలు ఉంది. దాన్ని నడిపే డాన్సు టీచరు మావయ్యకి పాత బేరం. నడివయసు మనిషి, నిటారుగా ఉంటుంది, మెట్లు దిగుతుంటే కూడా తాళం తప్పదు. ఆమె ఎడమ కాలు కుడికాలి కంటే కాస్త పొట్టి. ఇది ఎవరికీ తెలీదు. పిల్లలకి తెలీదు, వాళ్ల తల్లిదండ్రులకి తెలీదు, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదట. ఆమె నడక, నిలబడే తీరు, తుంటిని కొంచెం ఎత్తి పట్టే పద్ధతి, అంతా ఆ తేడా కనపడకుండా తనకి తాను నేర్పుకున్నదే. కానీ ప్యాంటు కుట్టేవాడికి తెలియకుండా ఉంటుందా? రెండు కాళ్లూ సమంగా కుడితే ఎడమ అంచు నేల మీద జీరాడుతుంది. అందుకని గోడ మీద అందరివీ ఒంటి పట్టీలైతే ఆమెవి రెండు, కుడికొకటి, ఎడమకొకటి, పైన దారంతో కలిపి కట్టి ఉంటాయి. ఈ విషయం ఇద్దరూ ఏనాడూ పైకి అనుకోలేదు. ఆయన కొలిచాడు, ఆమె కొలవనిచ్చింది, అంతే. ఇప్పుడు నేను ఇదంతా రాస్తానంటే టీచరే, "రాసుకో తల్లీ, టీవీలోనే వచ్చేసింది కదా, ఇంక నువ్వెంత" అంది.

టీవీలో రావడమే అసలు గొడవ.

డాన్సు హాల్లో గోడకి ఒక పెద్ద టీవీ ఉంటుంది. టీచరు తన ఫోనులోంచి పాట పెడితే అందులో వస్తుంది. ఆ రోజు పిల్లలంతా వరసలో నిలబడ్డారు, తల్లిదండ్రులు గోడవార కుర్చీల్లో కూర్చున్నారు, టీచరు చేతులు పైకెత్తి సిద్ధంగా ఉంది. పాటకి ముందు ఒక ప్రకటన వచ్చింది. తెర మీద గోడంత పాదం. "మీ కాళ్లలో ఒకటి పొట్టిగా ఉందా? మా మెత్త ఒకటి బూట్లో పెట్టుకోండి. ఎవరికీ తెలియకుండా హాయిగా నడవండి." ఎవరికీ తెలియకుండా అన్నది అంతమంది ముందు, గోడ దద్దరిల్లేలా.

ప్రకటన ఎవరికైనా వస్తుంది, నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ టీచరు ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయట. ముఖంలో నెత్తుటి చుక్క లేదట. ఒక తల్లి అది చూసి, "మీకేనా టీచర్?" అని అడిగింది, వేళాకోళంగానో నిజంగానో. ఆ రోజు నుంచి పిల్లలు ఆమె చేతుల్ని వదిలేసి పాదాల్ని చూడటం మొదలుపెట్టారు.

ఆ సాయంత్రమే ఆమె కిందికి వచ్చింది. అప్పుడు నేను కొట్లోనే ఉన్నాను, అత్తయ్యకి సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

"మాస్టారూ, నా విషయం ఎవరితో అన్నారు?"

మావయ్య మిషను ఆపాడు. "ఏ విషయం టీచరమ్మా?"

"మీకు తప్ప ఇంకెవరికీ తెలియని విషయం."

మావయ్య నోరు తెరిచాడు, మూశాడు. కొలిచేటప్పుడు మాట్లాడని మనిషి అలవాటుకొద్దీ ఇప్పుడూ మాట్లాడలేకపోయాడు. ఆమె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. కుట్టడానికిచ్చిన గుడ్డ అలాగే చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇన్నేళ్లు మీ దగ్గర ఎందుకు కుట్టించుకున్నానో తెలుసా? మీ కుట్టు బావుంటుందని కాదు" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి మావయ్య కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. ముందు అత్తయ్యని అనుమానించాడు.

"నువ్వేమైనా అన్నావా?"

అత్తయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకేం తెలుసని అంటాను? పెళ్లయినప్పటి నుంచీ ఒక్క అంకె నా చెవిన వేసిన పాపాన పోయారా? ఆ రెండు పట్టీలూ ఎందుకు కట్టారో కూడా నాకు ఇవాళే తెలిసింది. అందరూ నన్ను వాగుడుకాయ అంటారు, వాగటానికి సరుకేదీ?"

నిజమే అనిపించింది ఆయనకి. అప్పుడు తనని తాను అనుమానించడం మొదలుపెట్టాడు. ఒక రోజు అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి, "ఇదిగో, నేను నిద్రలో మాట్లాడతానా?" అని అడిగాడు.

"మెలకువలోనే మాట్లాడరు" అంది అత్తయ్య.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ వారం ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టాడు. ఇంకోదానికి జేబు కుడివైపు పెట్టాడు. తీసుకోవడానికి వచ్చినవాళ్లు చొక్కాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కొత్త ఫ్యాషనా మాస్టారూ" అంటే బిక్కమొహం వేశాడు. తను చెప్పలేదని ఆయనకి తెలుసు. అయినా తనకి తప్ప ఎవరికీ తెలియని సంగతి బయటికి వచ్చింది. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఇముడుతాయో ఆయనకి అంతుపట్టలేదు.

నాకు మాత్రం సమాధానం తెలుసనుకున్నాను. మా కాలేజీ సినిమా క్లబ్బు వాళ్లం గ్రంథాలయం పై గదిలో ఒక సినిమా వేస్తున్నాం. పెద్ద పెద్ద టెక్నాలజీ కంపెనీలు మన గుట్టుమట్లన్నీ ఎలా లాగుతున్నాయో చూపించే సినిమా. కథ కాదు, నిజం మనుషులతో తీసింది. అది చూపిస్తే మావయ్య నెత్తిన పాలు పోసినట్టవుతుందని నా ఆశ.

"మావయ్యా, చెప్పింది నువ్వు కాదు. ఫోనే. వచ్చి చూడు."

"ఫోనుకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. అదే కనిపెడుతుంది."

"టేపు లేకుండానా?" అన్నాడు. వచ్చాడు మాత్రం, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు ముందు వరసలో కూర్చున్నాడు.

సినిమా వేరే భాషది. కింద అక్షరాలు ఆయన చదివేలోపు మారిపోతున్నాయి, అందుకని నేను పక్కన కూర్చుని చెవిలో చెప్తున్నాను. మొదట ఒక రద్దీ వీధి. నడుస్తున్న ప్రతి మనిషి తల మీదా చిన్న చీటీ తేలుతూ ఉంటుంది. ఈమెకి నిద్ర పట్టదు, ఈయన ఉద్యోగం మానేయబోతున్నాడు, ఈ పిల్ల ఏడ్చి వస్తోంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. వాళ్ల ఫోన్లు వాళ్ల అడుగుల్నీ, ఆగినచోట్లనీ, వేలు ఎంతసేపు ఎక్కడ నిలిచిందీ చూసి లెక్క కట్టాయి.

"చూశావా" అన్నాను. "మనిషి నడక తీరు కూడా పట్టేస్తాయట. టీచరు ఫోను ఎప్పుడూ ఆవిడ జేబులోనే ఉంటుందిగా."

మావయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే నేను కాదన్నమాట." ముఖం తేటపడింది. నా భుజం తట్టాడు. సినిమా అక్కడే అయిపోయుంటే ఎంత బావుండేది.

తర్వాత ఒక కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. చక్కగా నవ్వుతూ, తెల్లటి గదిలో కూర్చుని మాట్లాడాడు. నేను చెవిలో చెప్పాను: "మీరు అనవసరంగా భయపడుతున్నారు. మా దగ్గర ఎవరి పేర్లూ ఉండవు. ఉత్త కొలతలే ఉంటాయి."

మావయ్య నా వైపు తిరిగాడు. "ఏమన్నాడు?"

"పేర్లు ఉంచుకోరట. కొలతలే ఉంచుకుంటారట."

"నాలాగేనా?"

ఆయన తెర వైపు వంగి ఆ మనిషిని తేరిపార చూశాడు. తన పోలికలో ఉన్న కొత్తమనిషి ఎదురైనట్టు చూశాడు. కాసేపయ్యాక, "ఆ కోటు భుజం అతనిది కాదు, అరువు తెచ్చుకున్నాడు" అని గొణిగాడు. కానీ ఆ మాటలో కసి లేదు, వేరే ఆలోచనలో ఉన్నాడు.

ఆ తర్వాతి ఘట్టంలో ఒకాయన వంట చేసుకుంటూ ఫోనుతో మాట్లాడుతుంటాడు. చేతికి పిండి ఉంది కాబట్టి నోటితోనే ఏదో అడుగుతాడు. ఆ మాట ఎక్కడికి పోయిందో చూపిస్తారు. నేలలోంచి, గోడల్లోంచి, ఎక్కడో పెద్ద షెడ్డులో మిణుకు మిణుకుమంటున్న డబ్బాల్లోకి. మావయ్య చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"అమ్మడూ. ఫోనుకి చెప్పినా చెప్పినట్టేనా?"

వెనకనుంచి ఎవరో ఉష్ అన్నారు. మేం లేచి బయటికి వచ్చేశాం. గ్రంథాలయం మెట్ల మీద కూర్చోబెట్టి అడిగితే, మింగలేక కక్కలేక చెప్పాడు.

కిందటి నెల కొలతలిచ్చేటప్పుడు టీచరు తుంటి మీద చెయ్యి వేసి నొక్కుకుందట. నొప్పి ఉన్నట్టుంది, పైకి అనలేదు. ఎడమ బూటులో పల్చటి మెత్త పెడితే తుంటికి కాస్త సుఖంగా ఉంటుందేమో, ఆ మేరకు ప్యాంటు కూడా దించవచ్చు అని ఈయనకి తోచింది. ఎంత మందం పెట్టాలో తెలీదు.

"చెప్పులు కుట్టే ఆయన్ని అడుగుదామనుకున్నా. కానీ ఎవరికని అడుగుతాడు కదా. డాక్టరైనా అడుగుతాడు. మీ అత్తయ్య సరేసరి. ఫోనైతే ఎవరికని అడగదు. నువ్వే కదా నేర్పావు, మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్తే చాలని. కొట్లో ఎవరూ లేనప్పుడు చెప్పాను."

"ఏమని?"

చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఎడమ కాలు పొట్టిగా ఉంటే బూటులో ఏం పెట్టాలి, అని."

ఇన్నేళ్లలో పెళ్లానికి కూడా ఒక్క కొలత వినపడనివ్వని మనిషి, ఫోను మనిషి కాదు కదా అని దానికి చెప్పాడు. గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు.

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. మావయ్య ఫోనులో ఇంటర్నెట్టు సొంతం కాదు. టీచరు మంచి మనసుతో, "పైన వైఫై ఉంది కదా మాస్టారూ, వాడుకోండి" అని ఇచ్చింది. పైన ఆమె ఫోను, హాలు టీవీ, కింద ఈయన ఫోను, అన్నీ ఒకే కనెక్షను మీద. ఒక ఇంట్లో ఒకరు అడిగినదాని ప్రకటన ఇంకొకరికి వస్తుందని ఎక్కడో చదివాను. అలాగే జరిగి ఉండొచ్చు. లేదా సినిమాలో చూపించినట్టు ఆమె నడకనే పట్టి ఉండొచ్చు. లేదా ఊరికే, గుడ్డిగా, లక్షమందికి వేసిన ప్రకటన ఈమెకి తగిలి ఉండొచ్చు. నేను ఇదంతా ఆయనకి చెప్పాను. చెప్తుంటే నాకే తలా తోకా దొరకలేదు.

"మరి చెప్పింది నేనా, కాదా?"

"తెలీదు మావయ్యా."

"కంప్యూటర్లు చదువుతున్నావు కదే."

"చదువుతున్నాను కాబట్టే తెలీదంటున్నాను."

"పేరు రాయకపోతే చాలనుకున్నాను ఇన్నాళ్లూ. అతనూ అదే అంటున్నాడు. అతనిది తప్పయితే నాదీ తప్పేనా?" అన్నాడు. అతను అమ్ముకుంటాడు, నువ్వు అమ్ముకోవు అని నేను అనాల్సింది, కానీ అప్పటికి తోచలేదు, ఇంటికొచ్చాక తోచింది.

నేననుకోవడం, ఆయన ఈ సంగతి చెప్పకుండా ఊరుకోవచ్చు. సినిమా చూపించి, "చూడండి టీచరమ్మా, ఇదంతా కంపెనీల పని" అంటే సగం ఊరు నమ్ముతుంది. ఆమె కూడా నమ్మేది. నేను అదే సలహా ఇచ్చాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మర్నాడు పొద్దున్నే టేపు మెడలో వేసుకుని, "పద, పైకెళ్దాం" అన్నాడు.

"నేనెందుకు?"

"మధ్యలో నాకు అర్థం కానిది వస్తే నువ్వు చెప్పాలి."

"నాకూ అర్థం కావట్లేదు."

"ఇద్దరం ఉంటే నయం కదా."

కొట్టు పెట్టినప్పటి నుంచి ఆయన ఆ మెట్లెక్కలేదు. ఆమే దిగి వచ్చేది. హాల్లో పిల్లలింకా రాలేదు. టీచరు ఒక్కతే ఉంది, ఇంకెవరో టైలరు కుట్టిన కొత్త ప్యాంటు వేసుకుని. రెండు కాళ్లూ సమంగా కుట్టిన ప్యాంటు. ఎడమ అంచు లోపలికి మడిచి పిన్నీసు పెట్టుకుంది. పిన్నీసు ఊడిపోయి అంచు మడమ కింద పడుతోంది. అడుగు తీసి అడుగు వేస్తే కాలు తట్టుకునేలా ఉంది. మావయ్య చూపు ముందు అక్కడికే పోయింది.

"ఏంటి మాస్టారూ, దారి తప్పారా?" అంది ఆమె, కుర్చీ చూపించకుండా.

"టీచరమ్మా, చెప్పింది నేనే కావచ్చు."

"కావచ్చా?" ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరికి చెప్పారు?"

"ఫోనుకి."

ఆమె నా వైపు చూసింది. "ఏమంటున్నారు మీ మావయ్య?"

నేను నీళ్లు నములుతూ, మెత్త, బొమ్మ, వైఫై, షెడ్డులో డబ్బాలు, అన్నీ కలగాపులగంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"నా పేరు చెప్పారా?"

"లేదు."

"కొలత?"

"లేదు." మావయ్య తల దించుకున్నాడు. "ఎడమ అని మాత్రం చెప్పాను."

ఆ మాట ఆయన ఎంత సిగ్గుతో అన్నాడంటే, ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. కాసేపటికి అటు తిరిగే, "తుంటి నొప్పి అని నేనూ ఒకసారి ఫోనులో వెతికాను. అంతకుముందెప్పుడో. ఆ రోజు మీ మీద అరిచేటప్పుడు నాకది గుర్తు రాలేదు. తర్వాత వచ్చింది. వచ్చినా కిందికి రాలేకపోయాను" అంది.

"అయితే ఎవరు చెప్పినట్టు?" అన్నాడు మావయ్య.

"మీరు, నేను, లేకపోతే ఇది." బల్ల మీదున్న తన ఫోనుని గడ్డంతో చూపించింది. ముగ్గురం దాని వంక చూశాం. అది బోర్లా పడుకుని ఉంది.

"ఈ అమ్మాయికి తెలీదా?" అంది టీచరు, నన్ను చూపిస్తూ.

"తెలీదట. చదువుతోంది కాబట్టి" అన్నాడు మావయ్య, నన్ను వెనకేసుకొస్తూ.

టీచరు నవ్విందో, నిట్టూర్చిందో చెప్పలేను. రెండూ కలిసినట్టుంది. వెనక్కి వస్తుంటే మడమ అంచు మీద పడి తూలింది. పడలేదు, గోడ పట్టుకుంది. మావయ్య ఇంక ఆగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు. నిటారుగా నిలబడింది, తుంటి ఎత్తకుండా, మామూలుగా. అలా నిలబడితే తేడా నాక్కూడా కనిపించింది.

ఆయన కుడివైపు కొలిచాడు, ఎడమవైపు కొలిచాడు, టేపు మీద గోరు ఆనించాడు. పట్టీ కోసం చెయ్యి చాచాడు. పట్టీలు కింద గోడకి ఉన్నాయి.

"పైకే చెప్పండి మాస్టారూ. ఇంక దాచేదేముంది?"

మావయ్య సూదులు నోట్లోంచి తీశాడు. చెప్పడానికే ప్రయత్నించాడు, గొంతు కదలడం చూశాను. మాట రాలేదు. చివరికి టేపుని అలాగే పట్టుకుని, తేడా ఉన్న మేరకి రెండు గోళ్ల మధ్య బిగించి, ఆమె ముందుకి ఎత్తాడు. అత్తయ్యకి కూడా ఎన్నడూ చూపించనిది.

ఆమె వంగి చూసింది. జీవితమంతా దాచుకున్నదాన్ని ఆమె కొలతగా చూడటం అదే మొదటిసారనుకుంటా.

"ఇంతేనా?"

"ఇంతే" అన్నాడు మావయ్య. టేపు చేతిలో ఉండగా ఆయన నోరు విప్పడం నేను చూడటం కూడా అదే మొదటిసారి.

ఇప్పుడు టీచరు మళ్లీ కిందే కుట్టించుకుంటోంది. బూటులో మెత్త కూడా పెట్టుకుంది, ఆ ప్రకటనలో చూపించిన కంపెనీదే. మావయ్యకి అది కొంచెం గుచ్చుకుంది గానీ ఏమీ అనలేదు. పిల్లలు పాదాల్ని చూస్తే చూడండర్రా అంటోందట. కథ సుఖాంతమే అనుకోండి. నిన్న అత్తయ్య కొట్లో ఫోను పట్టుకుని నన్ను కేకేసింది.

"ఏమే, నాకు డాన్సు నేర్పుతామని పొద్దుటి నుంచి ఒకటే వస్తోంది. ఈ వయసులో నన్ను గెంతమంటుందేంటే?"

మావయ్య మిషను ఆపి నా వైపు చూశాడు. ముఖంలో మళ్లీ ఆ బెదురు. "అమ్మడూ, ఇది కూడా నేను చెప్పిందేనా?"

అత్తయ్య చేతిలోంచి ఫోను తీసుకుని, బొత్తాల డబ్బాలో పెట్టి మూత వేశాను. లోపల అది ఇంకోసారి మోగింది.